బండ మీద నిద్ర

కాదని వాదించే ఓపిక లేక నేత్ర ఆ ఆదివారం కొండకు పోవడానికి ఒప్పుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆడబిడ్డ కూతురు నయన ఫోన్ చేసింది. దేవనహళ్ళి దగ్గర ఒక కంపెనీలో పని చేస్తూ, చిక్కబళ్ళాపురంలో ఇంకో అమ్మాయితో కలిసి గది తీసుకుని ఉంటోంది.

"అత్తా, ఆదివారం కొండల్లో సైకిల్ రైడు ఉండాది. నా రూమ్మేటుకు జ్వరమొచ్చె. ఆ పిల్ల బదులు నువ్వు రా. కొత్తోళ్ళ కోసం పెట్టిండేదే, ఏం కష్టముండదు."

"మీ అవ్వను ఎవరు చూసుకుంటారే?"

"అమ్మ వస్తాది గౌరిబిదనూరు నుంచి. మామకూ చెప్పేసినా. నువ్వు ఊ అను చాలు."

నేత్ర ఊ అంది. ఫోన్ పెట్టేశాక, దేనికి ఊ అన్నదో గుర్తు తెచ్చుకోవడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

బాగేపల్లిలో బస్టాండు వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. కింద భర్త హనుమంతరాయ బోరు మోటార్ల అంగడి, పైన కాపురం. కొడుకు తుమకూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. పద్నాలుగు నెలల కిందట అత్త వెంకటలక్ష్మమ్మ స్నానాల గదిలో జారి పడింది. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు గానీ ఆమె మళ్ళీ లేచి నడవలేదు. షుగరున్న ఒళ్ళు కాబట్టి ఒకే పక్కన పడుకుంటే పుండ్లు పడతాయని, రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పుతుండాలని డాక్టరు చెప్పాడు. తిప్పే చేతులు నేత్రవి. పగలని లేదు, రాత్రని లేదు. తిప్పే వేళ కాకపోయినా పిలుపు మాత్రం వచ్చేది. నీళ్ళు కావాలని, దుప్పటి జారిందని, కిటికీ మూయమని, మూసిన కిటికీ మళ్ళీ తీయమని. సాయానికి ఇద్దరు ఆడమనుషులను పెట్టి చూశారు. పరాయి చేతులు ఒంటి మీద పడితే తనకు సరిపోదని వెంకటలక్ష్మమ్మ ఇద్దరినీ వారం నిలవనివ్వలేదు.

నేత్రకు నలభై రెండేళ్ళు. ఈ మధ్య కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తుండేది కాదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది. ఒకరోజు నిలబడి పళ్ళు తోముకుంటూ గోడకు తల ఆనించింది, బ్రష్ కింద పడిన చప్పుడుకు ఉలిక్కిపడింది. ఎవరైనా బాగుండావా అని అడిగితే బాగుండానని చెప్పేది. ఆ జవాబుకు ఆలోచించాల్సిన పని లేదు.

శనివారం రాత్రే ఆడబిడ్డ మునిరత్నమ్మ దిగింది. ఆదివారం చీకటితోనే బయలుదేరుతూ, ఏ మాత్ర ఎప్పుడు వేయాలో, నడుము కింద దిండు ఎట్లా పెట్టాలో నేత్ర ఆమెకు రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పబోతుంటే హనుమంతరాయ, "మేమిద్దరం ఉండాం గదా, నువ్వు పో" అన్నాడు. బస్సెక్కి కూర్చున్నాక కూడా ఆమె చెవులు పిలుపు కోసం కాచుకునే ఉన్నాయి.

* * *

చిక్కబళ్ళాపురం దాటి కొంత దూరం పోతే కొండల మొదట్లో ఒక చదును నేల ఉంది. అక్కడ అనీష్ టెంపోలోంచి సైకిళ్ళు దించుతున్నాడు. అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. అటవీ శాఖ అనుమతి తీసుకుని, ఆదివారాలు కొత్తవాళ్ళను కొండ మీద తిప్పుకొస్తాడు. వచ్చినవాళ్ళు ఏడుగురు. నేత్ర, నయన కాక మిగిలిన అయిదుగురూ బెంగళూరు నుంచి వచ్చిన కుర్రకారు.

"ఇది సులువైన దావ. మొత్తం తొమ్మిది కిలోమీటర్లు. నాలుగు మెల్లగా ఎక్కుతాము, పైన కాసేపు ఆగుతాము, అయిదు దిగుతాము" అన్నాడు అనీష్. "ముందు నేనుంటా. నన్ను దాటి ఎవరూ పోవద్దు. అందరికన్నా వెనక మునికృష్ణప్పన్న వస్తాడు. ఆయన కన్నా వెనక ఎవరూ ఉండొద్దు. అంతే రూలు."

మునికృష్ణప్ప టెంపో పక్కన నిలబడి టైర్లలో గాలి చూస్తున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి. కొండ కిందే ఊరు, వేరుశనగ పండించే రైతు. బోరు ఎండిపోయాక ఏటికి ఒక్క పంటే మిగిలింది. ఆదివారాలు ఈ పనికి వస్తున్నాడు. గేర్ల సైకిలు యాభై రెండో ఏట నేర్చుకున్నాడు. ఎడమ మోకాలికి ఎప్పుడూ పట్టీ ఉంటుంది. నాలుగేళ్ళలో కొండ మీద ఒక్క మనిషిని కూడా వదిలి రాలేదని అనీష్ అందరికీ గొప్పగా చెబుతాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా మునికృష్ణప్ప వేరే ఏదో పని చూసుకుంటాడు.

నేత్ర చున్నీని నడుముకు బిగించి కట్టుకుంది. నయన ఆమెకు హెల్మెట్ పెట్టి గడ్డం కింద బిగించింది.

"తొక్కగలవా అత్తా?"

"చిన్నప్పుడు మిట్టేమరిలో మా అన్న సైకిలు తొక్కేదాన్ని. సీటు అందక కమ్మీ కింద కాలు పెట్టి తొక్కతాంటి."

మునికృష్ణప్ప ఆమె సైకిలు సీటు రెండు వేళ్ళంత కిందికి దించాడు. "ఎక్కేటప్పుడు బరువనిపిస్తే కుడిచేతి కాడ ఇది నొక్కమ్మా, తేలికవుతాది. దిగేటప్పుడు రెండు బ్రేకులూ మెత్తగా పట్టుకో. ముందుది ఒక్కటే పట్టుకుంటే పడతావు."

ఏడున్నరకు బయలుదేరారు. మొదట నీలగిరి తోపు వచ్చింది. నేలంతా ఎండిన ఆకులు, వాటి మధ్య బండి చక్రం అంత వెడల్పున ఎర్రమట్టి దావ. పాతిక గజాలు పోయేసరికి నేత్రకు సైకిలు నిలిచింది. ఒంటికి గుర్తుంది. సన్నగా ఎక్కుడు మొదలైనప్పుడు మునికృష్ణప్ప చెప్పినట్టు నొక్కింది, కాళ్ళ కింద బరువు తగ్గింది. ముందు పోయే కుర్రవాళ్ళ నవ్వులు కొంత దూరం వినిపించి ఆగిపోయాయి. తోపు దాటాక తంగేడు, సీతాఫలం పొదలు, వాటి పైన ఏనుగులంతేసి రాతి గుండ్లు. వెనక ఎక్కడో మునికృష్ణప్ప సైకిలు చైను సన్నగా కిర్రుమంటోంది.

చాలాసేపటిగా తన పేరు ఎవరూ పిలవలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

ఆ సంగతి తట్టగానే సంతోషం కలగాలి. కానీ కాళ్ళలో నీరసం దిగింది. ఇన్నాళ్ళూ ఒంటిని నిలబెట్టి పట్టుకున్న తాడేదో వదులైనట్టయింది. దిగి, సైకిలు తోసుకుంటూ నడిచింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. మునికృష్ణప్ప కూడా దిగి వెనకే నడిచాడు.

"తొందరేం లేదమ్మా. నిదానంగా రా."

"నా వల్ల మీకు లేటవుతాది."

"వెనక రావడమే గదా నా పని. లేటు యాడుండాది ఇందులో."

పై మట్టానికి చేరేసరికి దాదాపు తొమ్మిదయింది. మిగిలినవాళ్ళు అప్పటికే అరటిపండ్లు తిని ఫోటోలు తీసుకుంటున్నారు. నయన ఒక పండు తెచ్చిచ్చింది. నేత్ర సగం తిని, సైకిలు తోసుకుంటూ మరుగు కోసం ఒక పెద్ద గుండు వెనక్కి పోయింది. సైకిలును సీతాఫలం చెట్టుకు ఆనించింది. పని చూసుకుని వస్తుంటే అక్కడ ఒక చదును బండ కనిపించింది. పొద్దుటి ఎండ పడి గోరువెచ్చగా ఉంది. షూ లేసు ఊడి ఉంటే కట్టుకోవడానికి దాని మీద కూర్చుంది. ఒక కాలి లేసు కట్టింది. రెండో కాలి వైపు వంగడానికి ముందు ఒక్క నిమిషం అనుకుని వెనక్కి వాలింది.

అదే సమయంలో ఇటుపక్క ఒక కుర్రవాడి సైకిలు చైను ఊడి గేర్ల మధ్య ఇరుక్కుపోయింది. మునికృష్ణప్ప నేల మీద కూర్చుని దాన్ని లాగుతున్నాడు. అనీష్ మిగిలినవాళ్ళను దింపడం మొదలుపెట్టాడు. నేత్ర కనిపించకపోతే, వెనక మునికృష్ణప్పతో ఉందనుకున్నాడు. నయన కూడా అంతే అనుకుంది. చైను బాగయ్యాక మునికృష్ణప్ప లేచి చూస్తే పైన ఎవరూ లేరు. ఆయమ్మ ఈసారి అందరితో కలిసి ముందు దిగిందనుకున్నాడు. ఆ కుర్రవాణ్ణి ముందు పెట్టుకుని ఆయనా దిగిపోయాడు.

* * *

కింద లెక్క చూసుకున్నప్పుడు ఒక మనిషి తక్కువ.

"నీతో లేదా?" అన్నాడు అనీష్.

"నీతో కదా పోయిండేది?" అన్నాడు మునికృష్ణప్ప.

నయన కొండ వైపు తిరిగి "అత్తా!" అని అరిచింది. ఫోన్ చేస్తే మోగలేదు, పైన సిగ్నల్ ఉండదు. వెంటనే మామకు చేసింది. "మామా, అత్త కనపడలేదు. కొండ మీదే నిలిచిపోయింది... తెలీదు మామా, తెలీదు." హనుమంతరాయ ఇంకేం అడగలేదు. కారు తాళాల కోసం ఇంట్లో వెతుకుతున్న చప్పుడు ఫోనులో వినిపించింది.

అనీష్ సైకిలు దావ వెంట ఎదురు పోతానన్నాడు. మునికృష్ణప్ప కొండ పక్కగా ఉన్న కాలిదోవ పట్టాడు. అది నిట్టనిలువుగా ఉన్నా దూరం తక్కువ. నయన ఆయన వెంటపడింది. మొన్న గొర్రెలు మేపేవాళ్ళు ఈ వైపే చిరుత అడుగులు చూశామన్నారు. ఆ సంగతి ఈ పిల్లకు చెప్పలేడు. గుండ్ల మధ్య కాలు జారి పడితే పిలిచినా వినపడదు. ప్రతి అడుగుకూ మోకాలు కలుక్కుమంటోంది. ఆయమ్మ మెల్లగా నడిచిందే, దిగేముందు నేను తిరిగి ఒక్కసారి చూసి ఉంటే పోయేదే అని మనసులో అదే మాట తిరుగుతోంది.

పైకి చేరాక ఇద్దరూ చెరో పక్క వెతికారు. మొదట సైకిలు కనిపించింది, సీతాఫలం చెట్టుకు ఆనించి. ఆ వెంటనే బండ మీద ఆమె.

ఒక పక్కకు ఒరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడి ఉంది. ఒక చెయ్యి చెంప కింద ఉంది. హెల్మెట్ కూడా తీయలేదు. ఒక షూ లేసు వదులుగా వేలాడుతోంది. మునికృష్ణప్ప దగ్గరికి పోయి వంగి చూశాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఊపిరి లోతుగా, తీరిగ్గా ఆడుతోంది. సన్నగా గురక కూడా.

"అమ్మా" అన్నాడు మెల్లగా. "అమ్మా" అన్నాడు ఇంకోసారి. మణికట్టు మీద ఒక చీమ పాకుతోంది. ఆమెకు తెలియలేదు.

నయన పరుగెత్తుకుంటూ వచ్చి, "అత్తా" అని భుజం పట్టుకోబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"దెబ్బేం తగల్లేదు. నిద్దరపోతాండాది."

"నిద్దరా? ఇక్కడా?"

"చూడు, ఎట్ల పోతాండాదో."

నయన చూసింది. ఎక్కి వచ్చిన ఆయాసంలోనే ఏడుపు వచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మునికృష్ణప్ప ఇట్లాంటి నిద్ర ఒకసారి చూశాడు. చిన్న కూతురికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన భార్య అంజనమ్మ ఆరు రోజులు కన్ను మూయలేదు. పిల్ల గండం గడిచిందని చెప్పిన రోజు, ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నదల్లా అక్కడే ఒరిగిపోయింది. జనం ఆమెను దాటుకుంటూ పైకీ కిందికీ తిరిగారు. బస్సు వేళయిందని ఆయన లేపాడు. లేచి ఆమె చూసిన చూపు పదేళ్ళయినా మరిచిపోలేదు.

ఆయన ఇరవై గజాలు అవతల, కొంచెం సిగ్నల్ అందే గుండు మీదికి ఎక్కి, ఇంకా సగం దావలోనే ఉన్న అనీష్‌కు ఫోన్ చేశాడు.

"దొరికింది. బాగుండాది. నిద్దరపోతాండాది."

"నిద్దరా? లేపి తీసుకురాన్నా! కింద అందరూ కాసుకోనుండారు, ఎండెక్కుతాండాది."

"వాళ్ళను నువ్వు తీసుకొని పో. నేనిక్కడుంటా."

"అన్నా, లేపితే అయిపోయె గదా?"

"నేను లేపను. కావాలంటే నువ్వొచ్చి లేపు."

సరేలెమ్మన్నాడు అనీష్. వాళ్ళ ఆయన వస్తున్నాడట, కాలిదోవలో పైకి పంపుతానన్నాడు.

బండ మీద ఎండ ముఖం దాకా వచ్చింది. మునికృష్ణప్ప రెండు కొమ్మలు విరిచి బండ సందుల్లో గుచ్చి, తన తువ్వాలు వాటి మీద పరిచాడు. ముఖం మేరకు నీడ పడింది. తరువాత ఇద్దరూ కొంచెం దూరంగా కూర్చున్నారు.

"ఇంట్లో ఏం పని చేస్తాదమ్మా ఆయమ్మ?" అని అడిగాడు.

నయన చెప్పడం మొదలుపెట్టింది. అవ్వ పడటం, ఆపరేషన్, రెండు గంటలకోసారి తిప్పడం. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. పద్నాలుగు నెలలుగా తాను వారానికోసారి ఫోన్ చేసి అవ్వ ఎట్లుందని అడిగేది. అత్త ఎట్లుందని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ మాట పైకి చెప్పలేక, నేల మీది ఎండుటాకు ఒకటి తీసి ముక్కలు ముక్కలు చేసింది.

* * *

పదకొండు కావస్తుండగా హనుమంతరాయ వచ్చాడు. అంగడిలో వేసుకునే తోలు చెప్పులతోనే ఎక్కాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నలభై ఎనిమిదేళ్ళ ఒళ్ళు, మాట్లాడటానికి ఊపిరి లేదు.

"యాడ?" అన్నాడు.

నయన చూపించింది. ఆయన గబగబా రెండడుగులు వేశాడు. భయమంతా అప్పటికి కోపమైపోయి ఉంది. "ఏమి ఇది, ఊరంతా తల్లడిల్లతాంటే ఇక్కడ పండుకొని..."

మునికృష్ణప్ప లేచి ఎదురొచ్చాడు. "లేపొద్దప్పా."

"నా పెండ్లాన్ని నేను లేపేదానికి నువ్వెవరప్పా?"

"నేనెవరూ కాదు. ఆయమ్మను పైన వదిలేసి దిగిపోయినోణ్ణి. తప్పు నాది, తిట్టేది ఉంటే నన్ను తిట్టు. ఆయమ్మను మాత్రం కాసేపు వదిలెయ్."

హనుమంతరాయ ఆయన్ను తప్పుకుని బండ దగ్గరికి పోయాడు. వంగి భార్యను చూశాడు. కళ్ళ కింద నల్లగా పడిన గుంటలు. చెంప కింద ఉన్న చేతి వేళ్ళ కొసలు డెట్టాల్ నీళ్ళలో నాని నాని పగిలి ఉన్నాయి. ఈమె నిద్రపోతుండగా తాను చూసి ఎన్నాళ్ళయిందో లెక్క అందలేదు. రాత్రి తాను పడుకునేటప్పుడు ఆమె వంటింట్లోనో తల్లి గదిలోనో ఉంటుంది. పొద్దున తాను లేచేసరికి కాఫీ సిద్ధంగా ఉంటుంది. మధ్యలో ఆమె కూడా పడుకుంటుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అనుకోవడం కూడా కాదు, ఆ ఆలోచనే రాలేదు.

ఆయన బండ పక్కన నేల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి, మునికృష్ణప్ప వైపు చూడకుండానే, "పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మా అమ్మ పదకొండు సార్లు పిలిచె" అన్నాడు. "నేనూ మా అక్కా ఇద్దరుండాము. ఇద్దరికీ కాఫీ తాగేదానికి కాలేదు."

కింద లోయలో ఎక్కడో గొర్రెల మంద అరుస్తోంది.

పదకొండున్నరకు నేత్ర తనంతట తనే కళ్ళు తెరిచింది. పైన తువ్వాలు, దాని అవతల ఆకాశం. మెల్లగా తల తిప్పితే భర్త కనిపించాడు. కలలో కాదని తెలియడానికి ఒక క్షణం పట్టింది. చటుక్కున లేచి కూర్చుంది.

"అత్తను పక్కకు తిప్పినారా?"

"తిప్పినాము. మళ్ళా ఇప్పుడు అక్క తిప్పింటాది."

"టైమెంత?"

ఆయన చెప్పాడు. ఆమె లెక్క వేసుకుంది. ముఖం ఎర్రబడింది. అందరినీ మార్చి మార్చి చూసి, "లేపకూడదా? అంతసేపు పడుకోనిచ్చినారే" అంది.

"ఎందుకు పండుకొంటివి ఇక్కడ?" అన్నాడు హనుమంతరాయ. గొంతులో కోపం లేదు.

"పండుకోవాలని పండుకోలేదు. నిద్దరొచ్చె."

"ఇంట్లో పోలేవా?"

నేత్ర లేసు కట్టుకుంటూ తల ఎత్తకుండా, "పోలేను" అంది.

సైకిలు తాను దింపుతానన్నాడు మునికృష్ణప్ప. కాలిదోవలో నడిచి దిగుదాం రమ్మన్నాడు భర్త. ఆమె వినలేదు. "నేను ఎక్కించిన సైకిలు, నేనే దింపుతా" అని చెట్టు దగ్గరికి పోయింది. నయనను మామతో నడిచి రమ్మంది.

దిగుడు పొడవునా గులకరాళ్ళు, మలుపులు. రెండు బ్రేకులూ మెత్తగా పట్టుకుని నడక వేగంతోనే దిగింది. కాళ్ళు, భుజాలు, నడుము, అన్నీ బరువుగా ఉన్నాయి. పొద్దున ఎక్కేటప్పటి కన్నా ఇప్పుడే ఎక్కువ. నిద్రపోతే అలసట తీరుతుందంటారు. కొంచెం నిద్రపోయాకే తాను ఎంత అలసిపోయిందో ఆమెకు తెలిసింది. ఒక మలుపులో చక్రం జారి మోచెయ్యి గీసుకుపోయింది. లేచి దులుపుకుంది. వెనక నడిచి దిగుతున్న అడుగుల చప్పుడు ఆగింది. మునికృష్ణప్ప ఆమె మళ్ళీ ఎక్కేదాకా నిలబడ్డాడు.

కింద సైకిలు అప్పగిస్తూ, "మీకు చెడ్డపేరు తెచ్చినా" అంది.

"ఏం కాదులేమ్మా. ఇకమీద వెనక్కి తిరిగి చూసి దిగతా" అన్నాడాయన.

* * *

మర్నాడు మధ్యాహ్నం నేత్ర అత్తకు పుండ్లు పడకుండా వీపు మీద పొడి చల్లుతోంది. వెంకటలక్ష్మమ్మ గోడ వైపు తిరిగి ఉంది. నిన్నటి సంగతి కూతురు చెప్పినట్టుంది.

"కొండ మీద పండుకొంటివంటనే."

"ఊ."

"భయం కాలేదా?"

"నిద్దరలో భయమేముంటాదత్తా?"

నేత్ర పొడి డబ్బా మూత పెట్టి లేవబోయింది.

"నాకు మెలకువలోనే భయం" అంది వెంకటలక్ష్మమ్మ గోడకే చెబుతున్నట్టు. "నీళ్ళూ వద్దు నాకు, దుప్పటీ వద్దు. ఒక్కదాన్నే ఇట్ల పడుకోనుంటే, పానం పోతాండాదేమో, ఎవరికీ తెలీదేమో అనిపిస్తాది. పిలిస్తే ఎవరన్నా వస్తారా అని పిలుస్తా. నువ్వొస్తావు. మళ్ళా కాసేపటికి అట్లే అనిపిస్తాది."

నేత్ర మంచం అంచున కూర్చుండిపోయింది. పద్నాలుగు నెలలు. నీళ్ళు తెస్తే ఒక గుక్క తాగి పక్కన పెట్టేసేది ఇందుకా. కోపం వచ్చింది, దాన్ని బయటికి రానివ్వలేదు. తెల్లని జుట్టు పలచబడిన ఆ తల వెనక భాగం చూస్తూ ఎంతసేపు కూర్చుందో.

"ముందే చెప్పుంటే?"

"ఏమని చెప్పేది? ఇంత వయసొచ్చి, నాకు భయమైతాంది అనా?"

"పక్కన మనిషి ఉంటే చాలా? నేనే కావల్లా?"

"ఒళ్ళు తుడిచేదానికి నువ్వే కావల్ల. ఊరికే కూచునేదానికి ఎవరైతేనేం, మాట్లాడతాంటే చాలు."

ఆ సాయంత్రం ఈ మాటలు విని హనుమంతరాయ తన మంచం విప్పి తల్లి గదిలో వేసుకున్నాడు. రాత్రి తిప్పే పని సగం తనదన్నాడు. మొదటి వారం ఆయన ముఖం వాచిపోయింది, అంగడిలో ఒకరికి కావలసిన పైపు ఇంకొకరికి ఇచ్చాడు. రెండు రోజులు విసుక్కున్నాడు కూడా. కానీ మంచం మాత్రం తీయలేదు. మధ్యాహ్నాలకు వెనక వీధి హనుమక్కను మాట్లాడారు. ఆమె పని చేయనక్కరలేదు, ఒంటి మీద చెయ్యి వేయనక్కరలేదు, భోజనాలయ్యాక వచ్చి కాఫీ వేళ దాకా పక్కన కూర్చుంటే చాలు.

ఆ వేళల్లో నేత్రను పక్క గదిలో పడుకోమన్నారు. పడుకుంది. నిద్ర రాలేదు. కళ్ళు మూసుకుంటే చెవులు తెరుచుకునేవి. పిలిచిందేమోనని లేచి తలుపు దాకా పోయేది, అక్కడ వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ ఉండేవారు, తిరిగొచ్చి పడుకునేది. నాలుగు రోజులు, అయిదు రోజులు అట్లాగే. కొండ మీద అంత సులువుగా వచ్చింది ఇంట్లో ఎందుకు రాదో ఆమెకు అర్థం కాలేదు. ఊరికే పైకప్పు చూస్తూ పడుకునేది. అదీ కొంత నయమే అనిపించింది.

పదో రోజో పదకొండో రోజో, గోడ అవతల హనుమక్క తన చెల్లెలి కొడుకు పెళ్ళి సంగతి చెబుతోంది. చింతామణిలో జరిగిందట. మగపెళ్ళివాళ్ళు ఎట్లా అలిగారో చెప్పింది, ఎవరు బతిమాలారో చెప్పింది. వెంకటలక్ష్మమ్మ మధ్య మధ్య "ఆహా" అంటోంది. తరువాత వంటల్లో పడింది హనుమక్క. పాయసం పలచనైందట, చిత్రాన్నంలో పులుపు ఎక్కువైందట.

గుత్తొంకాయ దాకా విన్నట్టు నేత్రకు గుర్తు. లేచేసరికి కిటికీలో ఎండ పోయింది.